వేడి మేఘాల అంచున నక్షత్రాల పుట్టుక: ఒక ఊహ చరిత్ర

సూర్యుని కన్నా ఇరవై ముప్పై రెట్లు బరువైన నక్షత్రం తన ఇంధనాన్ని కోటి సంవత్సరాలైనా నిండకముందే ఖర్చు చేసుకుంటుంది కాబట్టి పుట్టినచోటు నుంచి దూరంగా తరలిపోయేందుకు దానికి సాధారణంగా వ్యవధి ఉండదు. ఏ వాయు మేఘంలో పుట్టిందో ఆ మేఘం నడుమనో, దాని అంచునో దాని జీవితం గడిచిపోతుంది. ముప్పై వేల డిగ్రీలకు పైబడిన దాని ఉపరితలం నుంచి వెలువడే అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీసి, చల్లని మేఘాన్ని వేడి వాయువుగా మార్చి, ఆ వాయువు ఉబ్బి బయటికి తోసుకుపోయేట్టు చేస్తుంది. నక్షత్రం తనను కన్న మేఘాన్నే ఇలా చెదరగొడుతుందన్న సంగతి 20వ శతాబ్దం మధ్యకాలానికి ఖగోళశాస్త్రజ్ఞులకు స్పష్టమైంది. చెదిరిపోతున్న ఆ మేఘపు అంచుల్లోనే మరో తరం నక్షత్రాలు కనిపించడం, వాటి పుట్టుకకు మొదటి నక్షత్రమే కారణమా, లేక అవి ఎలాగూ అక్కడ పుట్టవలసినవేనా అన్న సందేహం తలెత్తడం ఆ తర్వాతి కథ. ఆ సందేహం ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అయితే దాన్ని అడిగే తీరు మాత్రం కాలక్రమంలో ఎంతో పదునెక్కింది.

వెలిగే మేఘాలను మనిషి చూడటం టెలిస్కోపుతోనే మొదలైంది. ఫ్రాన్స్‌కు చెందిన పెయిరెస్క్ 1610లో ఓరియన్ నక్షత్రమండలంలోని నీహారికను గమనించాడు. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో దాన్నే చూసి, దాని నడుమ దగ్గర దగ్గరగా ఉన్న మూడు నక్షత్రాలను గుర్తించి, బొమ్మ గీసి ప్రకటించాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లపాటు ఈ మసక వెలుగులు విడివిడిగా కనిపించనంత దూరపు నక్షత్రాల గుంపులా, లేక నిజంగానే ఏదో ద్రవ్యపు మబ్బులా అన్న వాదం సాగింది. దీనిని తేల్చింది వర్ణపటదర్శిని, అంటే కాంతిని దాని రంగులుగా విడదీసి చూపే పరికరం. 1864లో ఇంగ్లండ్‌లో విలియం హగ్గిన్స్ దాన్ని ఒక నీహారిక వైపు తిప్పినప్పుడు, నక్షత్రాల కాంతిలో ఉండే అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీకి బదులు కొన్ని విడి విడి వెలుగు గీతలు కనిపించాయి. అలాంటి గీతలు వేడెక్కిన పలుచని వాయువు నుంచే వస్తాయి కాబట్టి ఆ నీహారిక వాయువేనని తేలింది. ఓరియన్ నీహారిక కూడా అటువంటిదేనని ఆయనే త్వరలో చూపాడు. ఆ గీతల్లో ఆకుపచ్చని జంట ఒకటి భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో నెబ్యులియం అనే కొత్త మూలకాన్ని ఊహించుకుని 60 ఏళ్లు గడిపారు. అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఆక్సిజన్ అని 1927లో అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఐరా బోవెన్ వివరించాడు.

వాయువు సరే, దాన్ని వెలిగించేది ఏది? 1922లో ఎడ్విన్ హబుల్ అనేక నీహారికలను వాటి పక్కనున్న నక్షత్రాలతో జతచేసి చూసి, వెలుగు గీతలిచ్చే నీహారికల నడుమ ఎప్పుడూ అతి వేడి నక్షత్రమే ఉంటుందని చూపాడు. వేడి నక్షత్రం వెలువరించే అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ను విడగొట్టగా, విడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ ప్రోటాన్‌తో కలిసేటప్పుడు కంటికి కనిపించే కాంతి వెలువడుతుందన్న లెక్కను 1920ల చివర హెర్మన్ జాన్‌స్ట్రా పూర్తిచేశాడు. ఈ చరిత్రలో భారతదేశపు పేరు మొదటిసారి వచ్చేది ఇక్కడే. ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పీడనం కింద ఒక వాయువులోని పరమాణువుల్లో ఎంత భాగం ఎలక్ట్రాన్లను కోల్పోతుందో చెప్పే సమీకరణాన్ని 1920లో మేఘనాద్ సాహా ప్రకటించకపోతే, నక్షత్రాల వర్ణపటాలను ఉష్ణోగ్రతలుగా చదవడం గానీ, నక్షత్రాల మధ్య వాయువు ఏ స్థితిలో ఉందో లెక్కగట్టడం గానీ ఆ దశాబ్దాల్లో సాధ్యమయ్యేది కాదు. ఎలక్ట్రాన్‌ను కోల్పోవడాన్నే అయనీకరణమంటారు; అలా మారిన వాయువు అయనీకృత వాయువు.

డెన్మార్క్‌కు చెందిన బెంగ్ట్ స్ట్రామ్‌గ్రెన్ 1939లో రాసిన వ్యాసం ఈ విషయానికంతకూ పునాది. వేడి నక్షత్రం చుట్టూ హైడ్రోజన్ క్రమంగా, మెల్లమెల్లగా తటస్థ స్థితికి మారుతుందని ఎవరైనా అనుకోవచ్చు. కాని స్ట్రామ్‌గ్రెన్ లెక్క అందుకు భిన్నమైన చిత్రాన్నిచ్చింది. నక్షత్రం సెకనుకు విడుదల చేసే అతినీలలోహిత ఫోటాన్లు ఎన్నో, చుట్టూ ఉన్న గోళంలో ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో తిరిగి కలిసే ఘటనలు సెకనుకు ఎన్నో ఆ రెండూ సమానమయ్యేంత దూరం వరకు వాయువు దాదాపు పూర్తిగా అయనీకృతమై ఉంటుంది, ఆ దూరం దాటగానే హఠాత్తుగా దాదాపు పూర్తిగా తటస్థంగా మారిపోతుంది. ఘన సెంటీమీటరుకు ఒక్క పరమాణువు మాత్రమే ఉన్నచోట అత్యంత వేడి నక్షత్రం చుట్టూ ఈ గోళపు వ్యాసార్ధం కొన్ని వందల కాంతి సంవత్సరాలు ఉండగలదు. చిక్కని మేఘంలోనైతే అది కాంతి సంవత్సరంలో ఒక భాగానికి కుదించుకుపోతుంది. పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో రోమన్ అంకెలతో సూచించే వర్ణపటశాస్త్రపు ఆనవాయితీలో తటస్థ హైడ్రోజన్‌ను హెచ్ ఒకటి అనీ, ఎలక్ట్రాన్ పోయిన హైడ్రోజన్‌ను హెచ్ రెండు అనీ పిలుస్తారు కాబట్టి ఈ గోళాలకు హెచ్ రెండు ప్రాంతాలనే పేరు స్థిరపడింది. రెండు హైడ్రోజన్ పరమాణువులు కలిసిన అణువుతో ఈ పేరును తికమకపడకూడదు. నిజానికి ఆ రెండూ పరస్పర విరుద్ధ స్థితులు, ఒకటి ఉన్నచోట రెండోది నిలవదు.

స్ట్రామ్‌గ్రెన్ గోళం కదలని గోళం. దానికి చలనం తెచ్చింది 1950ల తొలినాళ్ల ఆలోచన. గోళం లోపలి ఉష్ణోగ్రత సుమారు 10,000 డిగ్రీలు, వెలుపలిది వంద డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ (ఈ కొలతలన్నీ పరమశూన్యం నుంచి లెక్కించే కెల్విన్ మానంలోనివి); పైగా ఒక్కో పరమాణువు ఎలక్ట్రాన్, ప్రోటాన్ అనే రెండు రేణువులుగా విడిపోవడంతో రేణువుల సంఖ్య రెట్టింపవుతుంది. అంటే లోపలి పీడనం వెలుపలి పీడనానికి రెండు వందల రెట్లకు తక్కువ కాదు. అటువంటి గోళం ఉబ్బక మానదు. అయనీకృత వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు పది కిలోమీటర్లు, గోళం మొదట్లో ఇంచుమించు ఆ వేగంతోనే పెరుగుతుంది. ఆ లెక్కన అంచు ఒక్క కాంతి సంవత్సరం ముందుకు జరగడానికి 30,000 ఏళ్లు పడుతుంది. చుట్టూ ఉన్న చల్లని వాయువులో ధ్వని వేగం అంతకన్నా చాలా తక్కువ కాబట్టి, అయనీకరణ సరిహద్దుకు ముందుగా ఒక ఆఘాత తరంగం, అంటే వాయువును ఒక్కసారిగా నొక్కి చిక్కబరిచే పీడన తరంగం, పరుగెడుతుంది. ఈ రెండు సరిహద్దుల నడుమ మేఘపు వాయువు పోగుపడుతుంది. కళ్లంలో ఆరబోసిన ధాన్యాన్ని పలకతో నెట్టుకుపోతుంటే పలక ముందు కుప్ప పెరుగుతూపోయినట్టే ఇదీ.

నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ ఊర్ట్ 1954లో ఈ విస్తరణను నక్షత్రాల పుట్టుకతో ముడిపెట్టాడు. విస్తరించే వాయువు నెట్టుకొచ్చిన ఈ పొరలే నక్షత్రాల మధ్య తిరుగాడే మేఘాలుగా మారుతాయనీ, అందులోనే కొత్త నక్షత్రాలు రూపుదిద్దుకోవచ్చుననీ ఆయన ప్రతిపాదించాడు. మరుసటి ఏడు లైమన్ స్పిట్జర్‌తో కలిసి, వేడి నక్షత్రం వైపు తిరిగిన మేఘపు ముఖం ఆవిరైపోతూ ఆ ఆవిరి వేగంగా నక్షత్రం వైపుకు చిమ్ముతుంటే, ఆ ప్రతిచర్య మేఘాన్ని రాకెట్టులా వెనక్కి తోస్తుందని చూపాడు. అదే కాలంలో ఫ్రాంజ్ కాన్ అయనీకరణ సరిహద్దులు పలుచని వాయువులోనూ చిక్కని వాయువులోనూ ఎంత భిన్నంగా ప్రవర్తిస్తాయో వర్గీకరించాడు. తర్వాతి కాలపు పరిశోధన ఎంతో విస్తరించినా, మేఘాన్ని పోగుచేయడం, ఉన్న ముద్దను నలిపి కుదించడం అన్న రెండు దారులూ బీజరూపంలో ఈ నాలుగైదు వ్యాసాల్లోనే ఉన్నాయి.

నక్షత్రాలు ఇప్పుడు కూడా పుడుతున్నాయన్న మాటకే ఆధారాలు కూడుతున్న రోజులవి. ఆర్మేనియాలోని బ్యురకాన్ వేధశాల స్థాపకుడు విక్టర్ అంబార్త్‌సుమియాన్ 1947లో, అతి వేడి నక్షత్రాలు వదులు గుంపులుగా ఉంటాయనీ, పాలపుంత ఆకర్షణ ఆ గుంపులను త్వరగా చెదరగొట్టి తీరుతుంది కాబట్టి అవి ఇంకా గుంపులుగా కనబడటమే వాటి లేత వయసుకు రుజువనీ వాదించాడు. ఆ నక్షత్రాలు వాయుమేఘాలు కుదించుకోవడం వల్ల కాక, అజ్ఞాతమైన మహాసాంద్ర వస్తువులు పగలడం వల్ల పుట్టాయని ఆయన నమ్మాడు. ఆ భాగం నిలవలేదు గాని, గుంపుల వయసు గురించి ఆయన చేసిన వాదన చెక్కుచెదరలేదు. అదే సంవత్సరం బార్ట్ బాక్, ఎడిత్ రైలీ అనే ఇద్దరు వెలిగే నీహారికల ముందు నల్లని చుక్కల్లా కనిపించే చిన్న, గుండ్రని ధూళి ముద్దలను పట్టికగా కూర్చి, కాబోయే నక్షత్రాలు ఇవేనేమోనని సూచించారు. ఆ ముద్దల లోపల చూసే సాధనం అప్పటికి లేదు.

గుంపుల్లో అంతర్గతంగా ఒక వరుస ఉందని గుర్తించినవాడు ఆడ్రియాన్ బ్లావ్. 1964లో ఆయన రాసిన సమీక్షలో, సూర్యునికి సమీపంలోని వేడి నక్షత్రాల గుంపులు ఒక్కొక్కటి ఉపగుంపులుగా విడిపోతాయనీ, ఆ ఉపగుంపుల వయసులు ఒక దిశగా తగ్గుతూ పోతాయనీ, చిట్టచివరి లేత ఉపగుంపు పక్కన తరచు వాయుమేఘం ఉంటుందనీ తేలింది. దీనికి అందమైన ఉదాహరణ ఓరియనే: కోటి సంవత్సరాల పైచిలుకు వయసుందనుకునే వాయవ్య భాగపు నక్షత్రాలు, వాటి తర్వాత వడ్డాణంలోని నక్షత్రాలు, ఆ తర్వాత కత్తి ప్రాంతంలోనివి, అన్నిటికన్నా పిన్నవి హైగెన్స్ చూసిన నీహారిక నడుమ ఉన్నవి, వాటి వెనుక ఇంకా నక్షత్రాలు పుట్టిస్తున్న చీకటి మేఘం. ఈ క్రమాన్ని చూసినవారికి ఒక తరం మరో తరాన్ని పిలుస్తున్నట్టు తోచడం సహజం. అయితే ఆ పిలుపును మోసుకెళ్లే మాధ్యమం అప్పటికింకా కంటికి కనబడలేదు.

అది రేడియో తరంగాల్లో కనిపించింది. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెన్జియాస్ అమెరికాలోని కిట్ పీక్ శిఖరం మీది రేడియో టెలిస్కోపుతో ఓరియన్ వైపు చూసి, కార్బన్ మోనాక్సైడ్ అణువు 2.6 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద వెలువరించే గీతను కనుగొన్నారు. హైడ్రోజన్ అణువు చల్లని స్థితిలో దాదాపు మౌనంగా ఉంటుంది కాబట్టి, దానితో కలిసి ఉండే ఈ అణువే అణుమేఘాలకు, అంటే అణువులుగా కూడిన చల్లని, చిక్కని మేఘాలకు పటం గీసే సాధనమైంది. 1976లో బ్రూస్ ఎల్మ్‌గ్రీన్, చార్లెస్ లాడా ఈ గీతతో ఎం17 నీహారిక పక్కన 85 పార్సెక్కుల, అంటే దాదాపు 280 కాంతి సంవత్సరాల పొడవైన మేఘాన్ని కనుగొన్నారు. వెలిగే నీహారిక ఆ పొడవాటి మేఘపు ఒక కొసన ఉంది. మరుసటి సంవత్సరం వాళ్లిద్దరూ ప్రకటించిన సిద్ధాంతం బ్లావ్ చూసిన వయసుల వరుసకు యంత్రాంగాన్ని అందించింది. మేఘపు కొసన పుట్టిన వేడి నక్షత్రాలు అయనీకరణ సరిహద్దును మేఘంలోకి నెడతాయి. దానికి, ముందు పరుగెత్తే ఆఘాత తరంగానికి నడుమ వాయువు పొర పోగుపడి మందమెక్కుతుంది. కొన్ని మిలియన్ సంవత్సరాలకు ఆ పొర తన బరువుకు తానే తాళలేక గురుత్వాకర్షణ వల్ల ముక్కలై కుదించుకుపోతుంది. ఆ ముక్కల్లో పుట్టిన బరువైన నక్షత్రాలు మళ్లీ అదే పని మొదలుపెడతాయి. చివరికి మేఘమంతా ఒక కొస నుంచి మరో కొసకు కాలిపోయే వత్తిలా అయిపోతుంది. ఈ దారికి పోగుపడి కూలడం అన్నది సరిపోయే పేరు.

రెండో దారి ఇంకా చిన్న పరిధికి చెందింది. మేఘంలో ముందే కొంత చిక్కగా ఉన్న ముద్ద ఒకటి అయనీకృత వాయువు దారిలో పడితే, దాని ముఖాన్ని కాంతి ఒలిచివేస్తున్నా, ఒలిచిన వేడి పొర పీడనం ముద్ద లోపలికి ఆఘాత తరంగాన్ని పంపి దానిని నలిపేస్తుంది. లేకపోతే ఎన్నటికీ కూలకుండా ఉండిపోయే ముద్ద ఇలా నక్షత్రంగా మారవచ్చు. శాండ్‌ఫర్డ్, విటేకర్, క్లైన్ 1982లో కంప్యూటర్ లెక్కలతో దీన్ని చూపగా, 1989లో ఫ్రాంక్ బెర్టోల్డీ గణితంతో సునిశితం చేశాడు. 1983లో ఆకాశమంతటినీ పరారుణ కాంతిలో, అంటే ఎరుపుకు అవతలి వేడి కాంతిలో, చూసిన ఐరాస్ ఉపగ్రహం ధూళి ముసుగులోని పసి నక్షత్రాలను బయటపెట్టడంతో జపాన్ శాస్త్రజ్ఞులు సుగితానీ, ఒగురా, ఫుకుయి ఈ ఊహను ఆకాశంలో వెతికారు. నక్షత్రం వైపున్న అంచు మెరుస్తూ, లోపల పరారుణ మూలమున్న మేఘాలను వాళ్లు 1991లో ఉత్తరాకాశంలో 44, సుగితానీ, ఒగురా 1994లో దక్షిణాకాశంలో మరో 45 గుర్తించి పట్టికలో చేర్చారు. ఈ 89 మేఘాల పట్టిక ఆ తర్వాతి మూడు దశాబ్దాల పరిశోధనకు పెట్టుబడి.

సామాన్య పాఠకుల దాకా ఈ కథను తీసుకెళ్లింది హబుల్ టెలిస్కోపు 1995 ఏప్రిల్ 1న తీసిన ఎం16 నీహారిక చిత్రం. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ ప్రకటించిన ఆ చిత్రంలో మూడు ధూళి స్తంభాలు, వాటి అంచుల మీద వేళ్లలా పొడుచుకువచ్చిన చిన్న వాయుగుళికలు కనిపించాయి. ఒక్కో గుళికలో ఒక నక్షత్రం రూపుదిద్దుకుంటోందనీ, కాంతి దాన్ని అర్ధాంతరంగా ఒలిచి బయటపెడుతోందనీ అన్నారు. ఆ స్తంభాలకు సృష్టి స్తంభాలన్న పేరు వచ్చింది. పేరు ఇచ్చిన ఊపులో ఒక సంగతి మరుగునపడింది. 2002లో మెకాగ్రియన్, ఆండర్సన్ పరారుణ కాంతిలో పరిశీలిస్తే 73 గుళికల్లో 11 మాత్రమే లోపల నక్షత్రముండే సూచన ఇచ్చాయి. మిగతావి ఏ నక్షత్రాన్నీ కనకుండా ఆవిరైపోయేవే కావచ్చు. చెదరగొట్టడం సాధారణం, పుట్టించడం అరుదు అన్న గుణపాఠాన్ని ఆ చిత్రం మోసుకొచ్చిన ప్రశస్తి చాలాకాలం వినబడనివ్వలేదు.

తెలుగువారికి కార్తెల పేర్లలో ఒకటిగా తెలిసిన మృగశిరకు ఈ చరిత్రలో విశిష్టమైన స్థానముంది. సంప్రదాయ జ్యోతిషంలో మృగశిర యోగతారగా సాధారణంగా గుర్తించే నక్షత్రం ఓరియన్ తలభాగంలోని లాంబ్డా ఓరియానిస్. తొలకరి వేళ సూర్యుడు ఆ నక్షత్రం దరిదాపుల్లో ఉండే రోజులే మృగశిర కార్తె. ఆ నక్షత్రం సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని అతి వేడి నక్షత్రం, దాని చుట్టూ హెచ్ రెండు ప్రాంతం, దాని చుట్టూ ఆకాశంలో దాదాపు తొమ్మిది డిగ్రీలు, అంటే పక్కపక్కన పేర్చిన పద్దెనిమిది పున్నమి చంద్రులంత వెడల్పున, వాయువుతో ధూళితో కూడిన వలయం ఉన్నాయి. ఆ వలయం మీది మెరిసే అంచుల మేఘాలు రెండు సుగితానీ పట్టికలోనూ ఉన్నాయి. చూడగానే ఇది విస్తరించే వాయువు పుట్టించిన నక్షత్రాల పాఠ్యపుస్తకపు బొమ్మలా ఉంటుంది. అయితే 2000 ప్రాంతంలో డోలన్, మాథ్యూ లేత నక్షత్రాల వయసులను ఒక్కొక్కటిగా లెక్కగట్టి చూస్తే వేరే కథ బయటపడింది: నక్షత్రాలు వలయం పొడవునా కాక, కేంద్రం గుండా సాగే ఒక వరుసలో చేరి ఉన్నాయి, అంటే మేఘం మొదట ఒక పొడవాటి తునకగా ఉండేది, దాదాపు పది లక్షల సంవత్సరాల క్రితం నడుమనున్న బరువైన నక్షత్రమొకటి సూపర్‌నోవాగా పేలి మధ్యలోని మేఘాన్ని ఊడ్చివేసింది. ఇప్పుడు వలయం మీద నక్షత్రాలు పుడుతున్న మేఘాలు అంతకుముందే అక్కడ ఉన్నవి. చుట్టూ ఉన్నంత మాత్రాన సంతానమని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదకరమో మృగశిర చక్కగా చూపుతుంది.

వయసులే ప్రధానమని గ్రహించిన భారతీయ పరిశోధకుల పని ఇక్కడ గుర్తుంచుకోదగినది. నైనిటాల్‌లోని ఆర్యభట్ట పరిశోధన సంస్థకు చెందిన అనిల్ పాండే బృందం ఒగురాతో కలిసి, లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో మెరిసే అంచుల మేఘాలను 2007 నుంచి వరుసగా పరిశీలించింది. అంచు లోపల ఉన్న లేత నక్షత్రాలకూ, అంచు బయట వేడి నక్షత్రం వైపు ఉన్న వాటికీ వయసు కొలిచి, బయటివి సగటున పెద్దవనీ లోపలివి చిన్నవనీ వాళ్లు చూపారు. మేఘం ఒలుచుకుపోతూ వెనక్కి జరిగేకొద్దీ దాని దారిలో నక్షత్రాలను ఒకదాని తర్వాత ఒకటిగా వదిలివెళ్తుందన్న సుగితానీ భావనకు ఇది బలమైన సమర్థన. పది లక్షల సంవత్సరాల వయసున్న నక్షత్రానికి వయసు లెక్కలో పొరపాటు అంతే పరిమాణంలో ఉండగలదు కాబట్టి ఒక్కో నక్షత్రం మాట కాక సగటు మాటే చెల్లుతుంది.

హైదరాబాద్ ఈ చరిత్రలోకి వచ్చేది మరో దారిలో. వేడి నక్షత్రపు అతినీలలోహిత కాంతిని మింగిన ధూళి ఆ శక్తిని దూర పరారుణ కాంతిగా, వందకు పైబడిన మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద తిరిగి వెలువరిస్తుంది. భూవాతావరణంలోని నీటి ఆవిరి దాన్ని నేలకు చేరనివ్వదు. అందుకే ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో నెలకొల్పిన బెలూన్ కేంద్రం నుంచి, మీటరు వ్యాసపు అద్దమున్న టెలిస్కోపును 30 కిలోమీటర్లకు పైబడిన ఎత్తుకు పంపి, హెచ్ రెండు ప్రాంతాలను రాత్రిపూట పరిశీలించేవారు. పని ముగిశాక పరికరాలు పారాచూట్‌తో తెలుగు జిల్లాల్లోనో, పొరుగు రాష్ట్రాల్లోనో పొలాల్లో దిగేవి. దిగిన వస్తువును తాకవద్దనీ, పోలీసులకు కబురు చేయమనీ పత్రికల్లో ప్రకటనలు రావడం ఈ ప్రాంత పాఠకులకు తెలిసినదే. 1990ల చివరి నుంచి జపాన్ శాస్త్రజ్ఞుల ఫాబ్రీ-పెరో వర్ణపటమాపకం ఆ టెలిస్కోపుకు తోడై, అయనీకృత కార్బన్ 158 మైక్రాన్ల వద్ద వెలువరించే గీతకు పటాలు గీసింది. ఓరియన్ మేఘం, దక్షిణాకాశంలోని ఆర్‌సీడబ్ల్యూ 38 అనే హెచ్ రెండు ప్రాంతం ఈ పద్ధతిలో పటాలకెక్కిన వాటిలో ఉన్నాయి.

ఆ ఒక్క గీత మీద అంత శ్రద్ధ ఎందుకో చెప్పవలసి ఉంది. కార్బన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 11.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు, హైడ్రోజన్‌కు 13.6 కావాలి. హైడ్రోజన్‌ను విడగొట్టగల ఫోటాన్లన్నీ స్ట్రామ్‌గ్రెన్ సరిహద్దు లోపలే ఖర్చయిపోగా, అంతకన్నా బలహీనమైనవి సరిహద్దు దాటి బయటికి వచ్చి కార్బన్‌ను విడగొడతాయి. అంటే 158 మైక్రాన్ల గీత ప్రధానంగా వెలిగేది సరిగ్గా ఎల్మ్‌గ్రీన్, లాడా చెప్పిన చోట, పోగుపడుతున్న పొరలో. పొర ఎక్కడుందో హైదరాబాద్ బెలూన్లు చూపగలిగాయి; అది ఎంత వేగంతో కదులుతోందో విడదీసి చెప్పే సూక్ష్మత ఆ వర్ణపటమాపకానికి లేదు.

ఈలోగా ఉదాహరణల కొరత తీరిపోయింది. స్పిట్జర్ పరారుణ టెలిస్కోపు పాలపుంత తలాన్ని చిత్రించగా, చర్చ్‌వెల్ బృందం 2006లో 322 బుడగలను, అంటే చిత్రంలో వలయాల్లా కనిపించే గుండ్రని పొరలను పట్టికలో చేర్చింది; నాలుగేళ్లకు ఫ్రాన్స్‌లోని మార్సేయ్‌కు చెందిన లీజ్ దఆర్వెంగ్, ఆనీ జవాన్యో బృందం 102 బుడగలను పరీక్షించి కనీసం 86 శాతం హెచ్ రెండు ప్రాంతాలనే చుట్టుకుని ఉన్నాయని తేల్చింది. మిల్కీ వే ప్రాజెక్టు పేరిట 35,000 మందికి పైగా ఔత్సాహికులు ఇళ్లలో కూర్చుని చిత్రాలు వెతికి 2012 నాటికి 5,106 బుడగలు గుర్తించారు. ఆ ఏడే లెక్క వేసిన రెండు బృందాల్లో ఒకటి పాలపుంతలోని బరువైన పసి నక్షత్రాల్లో 14 నుంచి 30 శాతం వరకు, మరొకటి సుమారు 22 శాతం బుడగల అంచుల ప్రేరణతో పుట్టి ఉండవచ్చునని చెప్పాయి. ఆ అంచనాలు రెండూ పొరుగుతనాన్ని కొలిచినవే. 2015లో జేమ్స్ డేల్, సహచరులు ఈ బలహీనత మీదే వేలు పెట్టారు: ఒకే మేఘాన్ని కంప్యూటర్లో ఒకసారి వేడి నక్షత్రాల కాంతితో, మరోసారి ఆ కాంతి లేకుండా నడిపిస్తే ఏ నక్షత్రం ప్రేరణ వల్ల పుట్టిందో, ఏది ఎలాగూ పుట్టేదో తెలుస్తుంది గాని, ఆకాశం రెండోసారి నడవదు, పరిశీలకులు వాడే గుర్తులు, అంటే అంచుకు దగ్గరగా ఉండటం, స్తంభం కొసన ఉండటం, ఈ రెండు రకాలను నమ్మకంగా వేరు చేయలేవు. ఈ చరిత్రలో ఇంత నిర్మొహమాటమైన ఆత్మపరీక్ష ఇంకొకటి లేదు, ఈ రంగానికి మేలు చేసినది కూడా అదే.

దానికి ఎదురుగా నిలిపి చూడదగిన పరిశీలన కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని మౌంట్ స్ట్రోమ్లో నుంచి రాడ్జర్స్, క్యాంప్‌బెల్, వైటోక్ 1960లో కూర్చిన 182 దక్షిణ హెచ్ రెండు ప్రాంతాల పట్టికలో 120వదైన ఆర్‌సీడబ్ల్యూ 120 (ముగ్గురి పేర్ల తొలి అక్షరాలే ఈ పేరు), ఒకే ఒక వేడి నక్షత్రం మలిచిన దాదాపు గుండ్రని బుడగ. దాని పొరలో పోగుపడిన ముద్దలనూ, వాటిలో ఒకదానిలో సూర్యునికి ఎనిమిది నుంచి పది రెట్ల బరువున్న పసి నక్షత్రాన్నీ జవాన్యో బృందం చూపడంతో, పోగుపడి కూలడానికి అది ఆదర్శ నిదర్శనంగా నిలిచింది. 2015లో జపాన్ బృందమొకటి అది విస్తరణ ఫలం కాదు, రెండు మేఘాలు ఢీకొన్న ఫలమని వాదించింది. అమెరికా, జర్మనీ కలిసి బోయింగ్ 747 విమానంలో నడిపిన సోఫియా టెలిస్కోపు 158 మైక్రాన్ల గీతను వేగాలతో సహా చదవగలిగింది. 2021లో లూయిసీ, సహచరులు దానితో ఆర్‌సీడబ్ల్యూ 120 పొర సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో మన వైపు విస్తరిస్తోందనీ, దాని వయసు 1,50,000 సంవత్సరాల లోపేననీ, అంత స్వల్పకాలంలోనే పొరలో నక్షత్రాలు పుట్టడం మొదలైందనీ ప్రకటించారు. ఆ వేగం అయనీకృత వాయువు పీడనం ఒక్కటే ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ. నక్షత్రం నుంచి వీచే రేణువుల గాలే పొరను తోస్తోందని వాళ్ల నిర్ణయం. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, అదే టెలిస్కోపుతో అదే గీతను ఓరియన్ నీహారికలో చదివిన పాబ్స్ట్ బృందం, అక్కడ సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో ఉబ్బుతున్న పొరను చూసి, ఆ గాలి మేఘాన్ని చీల్చి నక్షత్రాల పుట్టుకను ఆపుతోందని తేల్చింది. ఒకే రకమైన గాలి, ఇంచుమించు ఒకే వేగం, రెండు వేర్వేరు ఫలితాలు.

మేఘం ఎంత చిక్కగా ఉంది, పొర ఎంత ముందుగా పగులుతుంది, వేడి వాయువు ఏ సందు గుండా బయటికి కారిపోతుంది అన్న స్థానిక వివరాల మీద ఈ తేడా ఆధారపడి ఉంటుందని ఇప్పటి పరిశోధకులు భావిస్తున్నారు. దాన్ని పరీక్షించాలంటే ఒకటి రెండు కాదు, అనేక పొరల వేగాలు కావాలి. సోఫియా 2022 సెప్టెంబరులో చివరిసారి ఎగిరింది. ఆ తర్వాత 158 మైక్రాన్ల గీతను విస్తారంగా చదివే పని మళ్లీ బెలూన్ల చేతికే వచ్చింది: 2023 డిసెంబరు 31న అంటార్కిటికాలో ఎగురవేసిన గస్టో అనే బెలూన్ టెలిస్కోపు, ఈసారి వేగాలను కూడా విడదీసి చదివే పరికరంతో, 57 రోజులపాటు గాలిలోనే ఉండి పాలపుంతలోని ఆ గీతకు పటాలు గీసింది.